సైరన్ మోగని అదురు

ఈ రాత మొదలుపెట్టాక చాలాసార్లు లేచాను. ఒకసారి కుక్కర్ కట్టేయడానికి, ఒకసారి ఫోన్ మోగిందేమోనని, మిగతావన్నీ ఊరికే. రిటైరయ్యాక మనిషికి నిలకడ వస్తుందని ఎవరన్నారో గానీ, వాళ్ళు మా ఉద్యోగం చేసుండరు. మా బాల్కనీలోంచి హార్బరు క్రేన్లు కనిపిస్తాయి. అవి కదుల్తుంటే చూస్తూ నిలబడిపోతాను. ఆగిపోతే ఎందుకు ఆగాయా అని నిలబడతాను. కాబట్టి ఇది కాస్త అటూ ఇటూ పోతే ఏమీ అనుకోకండి.

నా పేరు ఎస్తేరు. పౌర సంబంధాల అధికారిగా పనిచేశాను. మొదట జెట్టీలు కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో, తర్వాత విశాఖపట్నం ఫ్యాక్టరీలకూ కాలనీలకూ నీళ్ళు తెచ్చే ఒక సంస్థలో. ఆ రెండో చోట నా కుర్చీలో ఇప్పుడు ఒక అమ్మాయి కూర్చుంటోంది. చురుకైన పిల్ల. చేరిన కొత్తలో ఫోన్ చేసి, "మేడమ్, ఈ జాబ్ గురించి మీకు తెలిసింది రాసిపెడతారా, కొత్తగా చేరినవాళ్ళం అందరం చదువుకుంటాం" అంది. సరే అని ఊరుకున్నాను. మొన్న పేపర్లో ఒక వార్త చూశాక ఇంక ఊరుకోలేకపోయాను. అదేమిటో చివర్న చెప్తాను. ముందే చెప్తే నాకు కోపం వచ్చి మిగతాది రాయలేను.

బల్ల మీద ఆగే మాట

మీరు అనుకుంటున్న ఉద్యోగం వేరు. ప్రెస్ మీట్, శాలువాలు, ఫొటోలో ఎవరు ఎవరి పక్కన నిలబడాలి, విలేకరులకి సమోసాలు సరిపోయాయా లేదా. ఇవి ఉంటాయి, కాదనను. ఇవి ఎవరైనా చేస్తారు.

అసలు పని ఇది. ఇంజనీరు నోట్లో పుట్టిన ఇంగ్లీషు మాట, ఊళ్ళో తిరిగే మైకు ఆటోలోంచి తెలుగై బయటికి వస్తుంది. మధ్యలో కాసేపు మీ బల్ల మీద ఆగుతుంది. ఆ కాసేపట్లో మీరు దాన్ని ఏం చేశారన్నదే మీ ఉద్యోగం. మనవాళ్ళలో చాలామంది దాన్ని మెత్తగా నూరి, నెయ్యి వేసి, ఎవరికీ గొంతు పట్టుకోకుండా చేసి పంపిస్తారు. మెచ్చుకోళ్ళు కూడా దానికే వస్తాయి.

నా విషయంలో ఆ మాటల్లో ఎక్కువ భాగం నేల కదలడం గురించే అయ్యాయి. మనిషి చేసే పని వల్ల నేల కదలడం. ఇలాంటివి ఎక్కడో బొగ్గు గనుల దగ్గర, చమురు తవ్వేచోట జరుగుతాయని నేనూ అనుకున్నాను. మన జిల్లా కొండల్లో కూడా జరుగుతాయి.

పూర్ణా మార్కెట్లో పరీక్ష

నా మొదటి బాసు సుందరరావు గారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆయనకొక అలవాటు ఉండేది. మేం రాసిన ఏ ప్రకటననైనా జేబులో పెట్టుకుని సాయంత్రం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేవారు. కూరలు కొనేటప్పుడు దాన్ని ఎవరికో ఒకరికి పైకి చదివి వినిపించేవారు. నన్ను కూడా వెంట తీసుకెళ్ళేవారు. చిక్కుడుకాయలు ఒక చేతిలో, ప్రకటన ఒక చేతిలో.

అప్పుడు మా కంపెనీ సముద్రం ఒడ్డున స్తంభాలు దిగ్గొడుతోంది. ఒక్కో దెబ్బకి పాత ఊళ్ళో గిన్నెలు మోగుతున్నాయి, సున్నం రాలుతోంది. నేను రాసిన ప్రకటన ఇది: "నిర్మాణ కార్యకలాపాల దృష్ట్యా పరిసర ప్రాంతాలలో స్వల్ప కంపనాలు అనుభవంలోకి రావచ్చు." రాసినప్పుడు చాలా బాగుందనుకున్నాను. కాలేజీలో తెలుగు వ్యాసానికి బహుమతి తెచ్చుకున్నదాన్ని మరి.

సుందరరావు గారు దాన్ని ఎండుమిరపకాయల కొట్టు ఆవిడకి చదివారు. ఆవిడ త్రాసు దించి విని, "ఇదేటి బాబూ, తుపాను కబురా?" అంది.

"కాదమ్మా, మా పని గురించే."

"అలాగైతే ఎవులు సేత్తన్నారో సెప్పలేదు. ఎప్పుడాపుతారో సెప్పలేదు. ఇంకేటి సెప్పినట్టు?"

 సుందరరావు గారు ఆఫీసుకి వచ్చి కాగితం నా ముందు పెట్టి, "ఎవరు, ఎప్పటిదాకా. ఆ రెండూ రాయి. మిగతా తెలుగు నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

మళ్ళీ రాశాను. "సముద్రంలో స్తంభాలు దిగ్గొడుతున్నది మేమే. దెబ్బకి మీ ఇల్లు అదురుతుంది. ఉదయం పూట కొడతాం, మధ్యాహ్నం భోజనాల వేళకి ఆపేస్తాం. గోడ పగిలితే వచ్చి చెప్పండి." పక్కరోజు నుంచి గేటు ముందు జనం. తిట్లు. నా జన్మలో అన్ని తిట్లు ఒక్కచోట వినలేదు. ఏడుపొచ్చి సుందరరావు గారితో, "సార్, పాత ప్రకటనకి ఎవ్వరూ రాలేదు కదా" అన్నాను. "రాలేదు. చిన్నపిల్లలున్నవాళ్ళు సామాను సర్దుకుని చుట్టాలిళ్ళకి పోయారు, అది నువ్వు చూళ్ళేదు" అన్నారు ఆయన. "కోపం వచ్చినవాడు మన గేటు దాకా వస్తాడు. వాడితో మాట్లాడొచ్చు. భయపడినవాడు ఎక్కడికి పోయాడో కూడా మనకి తెలీదు."

తిట్లు కొన్నాళ్ళకి తగ్గాయి. ఒక పెద్దావిడ, భోజనాల వేళ దాటినా దెబ్బ పడుతోందని వచ్చి వాచీ చూపించి మరీ దెబ్బలాడింది. ఆవిడంటే నాకు చాలా ఇష్టం.

సర్దుకుంటున్న భూమి

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఉద్యోగంలో మా సంస్థ ఎలమంచిలికి లోపల, కొండల మధ్య ఒక జలాశయం కట్టింది. పట్నానికి ఎండాకాలం నీళ్ళ కోసం. వానలకి నింపడం మొదలుపెట్టారు. నీటిమట్టం పెరిగిన కొద్ది వారాలకి చుట్టుపక్కల ఊళ్ళలో నేల అదరడం మొదలైంది. అన్నీ చిన్నవే. కానీ కింద నుంచి ఏదో గుద్దినట్టు చప్పుడుతో సహా వచ్చేవి.

మా చీఫ్ ఇంజనీరు మూర్తి గారు. చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో ఇంజనీరుని విలన్ చేయడం సులువు. రాయిని చూసి దాని వయసు చెప్పగలిగే మనిషి. ఆయనే నాకు విడమరిచి చెప్పారు. కింద రాతిపొరల్లో ఒత్తిడి ఎప్పట్నుంచో ఉందట. పైన ఇంత నీళ్ళు నిలబెడితే ఆ బరువుకి, పగుళ్ళలోకి దిగే తడికి అది జారుతుందట. "మనం పుట్టించలేదమ్మా. అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే" అన్నారు.

"పాలు ముందే కాగి ఉన్నాయి, మంట పెంచింది మనం. అంతేనా సార్?" అన్నాను.

ఆయన నవ్వి, "వంటింటి భాషలో అంతే. పేపర్లో మాత్రం అలా రాయకండి" అన్నారు.

మాట కోసం మీటింగు పెట్టారు. భూకంపం అని వాడకూడదన్నది మొదటి నిర్ణయం. "జలాశయ ప్రేరిత ప్రకంపనలు" అని ఎవరో అన్నారు. మంత్రి గారి ప్రసంగంలా ఉందని పక్కన పెట్టారు. "భూమి సర్దుకుంటోంది" అన్నది అందరికీ నచ్చింది. నాకు ఒళ్ళు మండింది. సర్దుకోవడం అన్నది మన ఇళ్ళల్లో కొత్తకోడలికి చెప్పే మాట. ఎవరో ఏదో చేస్తారు, ఈవిడ సర్దుకోవాలి. దాన్ని తీసుకొచ్చి భూమికి కూడా తగిలించారు.

చివరికి మూర్తి గారే ఒక ఉపాయం చెప్పారు. ఆ ఊళ్ళన్నీ రాతి క్వారీల పక్కనే ఉన్నాయి. క్వారీలో రోజూ మధ్యాహ్నం మందు పెట్టి రాయి పేలుస్తారు, ఊరు అదురుతుంది, జనం దాన్ని పట్టించుకోరు. కాబట్టి "ఇది క్వారీ అదురు లాంటిదే, కంగారు పడవద్దు" అని చెప్దాం. తెలిసిన మాట, భయం లేని మాట. పైకి అనకపోయినా అందులో ఇంకొక లాభం ఉంది. గోడలు బీటలు పడితే అవి క్వారీ ఖాతాలోకి పోతాయి.

నేను వద్దన్నాను. అది నిజం కాదు కాబట్టి వద్దన్నాను. మనది తీసుకెళ్ళి ఇంకొకరి నెత్తిన రుద్దడమేమిటన్నాను. మీటింగులో ఎవరూ వినలేదు. అందులో ప్రమాదం కూడా ఉందని మాత్రం నాకే కాదు, ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. మైకు ఆటోలు బయల్దేరాయి.

ఈశ్వరమ్మ గది

ఆటో వెనక నేనూ వెళ్ళాను. మన మాట ఊళ్ళో ఎలా పడుతోందో కళ్ళారా చూడకుండా ఉండలేను, అది సుందరరావు గారి దగ్గర పని నేర్చుకున్న ఫలితం. జలాశయానికి దగ్గరగా ఉన్న ఊరు గుండ్లపాలెం. ఒకవైపు క్వారీ, ఒకవైపు మా కట్ట. మధ్యలో అంగన్‌వాడీ. ఒకటే గది, స్లాబు. స్లాబుకి ఒక మూల నుంచి ఇంకో మూలకి బీట. టీచరు ఈశ్వరమ్మ. నడివయసు మనిషి. ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేత్తో పిల్లాడి ముక్కు తుడుస్తూ, నాతో మాట్లాడుతూనే ఉంది. మీ ఊరేటి, మీకెందరు పిల్లలు, చర్చికెళ్తారా, అన్నీ అడిగేసింది.

మధ్యాహ్నం క్వారీ సైరన్ మోగింది. ఆవిడ పప్పు గరిట వదిలేసి, "బేగి రండి గుంటలూ, లోపలికి, లోపలికి" అంది. ఆ పిల్లలకి చెప్పక్కర్లేదు కూడా. అందరూ లోపలికి దూరి గోడవారన కూర్చుని చెవులు మూసుకున్నారు. ఆవులు పాకల్లోకి వెళ్ళిపోయాయి. పేలుడు, అదురు, అయిపోయింది. మళ్ళీ ఆటలు. బయట ఉంటే రాళ్ళు ఎగిరొచ్చి పడతాయి కాబట్టి క్వారీ పెట్టిన దగ్గర్నుంచీ ఆ ఊరు నేర్చుకున్న పద్ధతి అది. చాలా మంచి పద్ధతి. చూసి ముచ్చటపడ్డాను.

భోజనాలయ్యాక నేను బయట ఆటో దగ్గర ఉన్నాను. నేల కింద గుద్దినట్టయింది. మాదే. కాళ్ళ కింద స్పష్టంగా తెలిసింది. అరుగు మీద ఆడుకుంటున్న పిల్లల్ని ఈశ్వరమ్మ రెండు చేతులా పోగేసుకుని, బీటపడ్డ ఆ స్లాబు కిందికి తీసుకెళ్ళి తలుపు వేసేసింది.

నేను తలుపు బాదాను. "బయటికి రండి, బయటికి రండి" అని అరుస్తున్నాను. లోపల్నుంచి ఆవిడ, "మీరే లోపలికి రండి మేడమ్, రాళ్ళు పడతాయి" అంటోంది. తలుపు తెరుచుకునేసరికి అంతా ఆగిపోయింది. బీట పొడుగునా సున్నం రాలి పిల్లల తలలు తెల్లగా అయ్యాయి. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు.

"ఎందుకు లోపలికి తీసుకెళ్ళావమ్మా?" అన్నాను. 

"అదేటి మేడమ్, మీ ఆటోలోనే కదా సెప్పినారు, క్వారీ అదురులాటిదేనని. క్వారీ అదిరితే లోపలికే కదా ఎల్తాం."

ఆవిడ మమ్మల్ని నమ్మింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. అదే నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వదు. మేం జనం భయాన్ని తగ్గించే మాట వెతికాం. ఆ మాట వెనక వాళ్ళ కాళ్ళకి ఒక అలవాటు ఉందని చూసుకోలేదు. కొత్తగా చేరిన పిల్లలూ, ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మీరు వాడే మాట విని జనం ఏమనుకుంటారన్నది తర్వాత. విని ఎటు పరిగెడతారన్నది ముందు.

సగం మాట

ఆ సాయంత్రమే మూర్తి గారి గదికి వెళ్ళాను. జరిగింది చెప్తే ఆయన ముఖం పాలిపోయింది. అయినా, "భూకంపం అని చెప్తే ఊరు ఖాళీ అవుతుందమ్మా" అన్నారు.

"ఊరు అక్కర్లేదు సార్. ఆ ఒక్క గది ఖాళీ అయితే చాలు."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పందం కుదిరింది. నేను రాసింది ఇది: "సైరన్ మోగితే లోపలికి వెళ్ళండి. సైరన్ మోగకుండా నేల అదిరితే అది చిన్న భూకంపం. వెంటనే బయటికి రండి." దాని కింద ఇంకొక వాక్యం రాశాను. "మేము జలాశయం నింపడం వల్ల ఇవి వస్తున్నాయి." ఆ వాక్యం మీద మూర్తి గారు అడ్డంగా గీత కొట్టేశారు. "దాని వల్ల ఎవరి ప్రాణం నిలబడుతుంది? బయటికి రమ్మన్నాం కదా, చాలు" అన్నారు. నాకు గట్టి జవాబు దొరకలేదు.

ఆటోలు మళ్ళీ తిరిగాయి. జనం బయటికి రావడం నేర్చుకున్నారు. ఊరు ఖాళీ కాలేదు. మూర్తి గారు నన్ను పిలిచి టీ ఇప్పించారు. నేను నిమ్మళంగా ఉండాల్సింది, ఉండలేకపోయాను. మళ్ళీ గుండ్లపాలెం వెళ్ళాను.

బీట ఇంకా వెడల్పయింది. అదే గది. పిల్లలు కూర్చునే అదే చాప. ఈశ్వరమ్మ చేతికి పసుపు తాడు. "సింహాచలం ఎల్లొచ్చినాం మేడమ్, ఊరంతా కలిసి. అప్పన్నబాబుకి మొక్కుకున్నాం, గుంటలకేటీ అవకూడదని."

"గది మార్చమని ఎవర్నీ అడగలేదా?"

"భూకంపం వత్తే ఎవుల్నడుగుతాం? దేవుడి కోపానికి సర్పంచేటి సేత్తాడు, ఎమ్మార్వో ఏటి సేత్తాడు?"

ఆ ఆదివారం మా చర్చిలో కూడా ప్రార్థన చేశారు. అక్కడక్కడ భూకంపాలు కలుగుతున్నాయి, ఇవి అంత్యదినాల సూచనలు అని. నేను తల వంచుకుని కూర్చున్నాను. మొక్కుకోవడం తప్పు కాదు, ప్రార్థన తప్పు కాదు, నేనూ చేస్తాను. కానీ ఆ గీత కొట్టేసిన చోట ఖాళీ ఉంది, ఆ ఖాళీలో అక్కడ అప్పన్న స్వామిని, ఇక్కడ మా ప్రభువుని నిలబెట్టి మేం పక్కకి తప్పుకున్నాం. మూర్తి గారి ప్రశ్నకి జవాబు నాకప్పుడు తెలిసింది. దేవుడు చేశాడనుకున్నవాళ్ళు ఎవర్నీ ఏమీ అడగరు. మనిషి చేశాడని తెలిస్తే అడుగుతారు. అడిగితేనే ఆ గది మారుతుంది.

షామియానా కింద

రెండో దఫా నింపే ముందు గుండ్లపాలెం స్కూలు ఆవరణలో సభ పెట్టాం. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ. మూర్తి గారు వేదిక మీద, పక్కన నేను. ప్రకటన చదవాల్సింది నేనే. చదివాను. సైరన్ మోగితే లోపలికి, మోగకపోతే బయటికి. అక్కడితో కాగితం అయిపోయింది. కూర్చోవాలి. ముందు వరసలో ఈశ్వరమ్మ ఒళ్ళో ఒక పిల్లని పెట్టుకుని, నేను చెప్పిన ప్రతిదానికీ తల ఊపుతోంది.

నేను కూర్చోలేదు. "ఈ అదురు మేం నీళ్ళు నింపడం వల్ల వస్తోంది. భూమిలో ఒత్తిడి ముందే ఉంది, దాన్ని కదిపింది మాత్రం మా నీళ్ళు" అన్నాను.

 ఈశ్వరమ్మ తల ఊపడం ఆపేసింది. ఆవిడ నన్ను చూసిన చూపు తిట్టు కంటే ఎక్కువ.

వెనక నుంచి సన్నిబాబు లేచాడు. ఈశ్వరమ్మకి బావ అవుతాడు, క్వారీలో పనిచేస్తాడు. "అలాగైతే ఇది దేవుడి పని కాదు. మీ పని."

"అవును."

"మరి మా సేత సింహాచలం కొండెక్కించినారేటి?"

అక్కణ్ణించి గోల. కుర్చీలు లేచాయి. మూర్తి గారి చుట్టూ జనం చేరారు. సన్నిబాబు ఆయన ముందుకొచ్చి, "ఒక్క ముక్క సెప్పండి సార్. నింపితే వత్తాది. నింపడం ఆపితే ఆగుతాదా?" అన్నాడు.

మూర్తి గారు చెమట తుడుచుకున్నారు. ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. "వెంటనే ఆగుతుందని మాట ఇవ్వలేను. మెల్లగా నింపితే తక్కువ రావచ్చు" అన్నారు.

"మరి మెల్లగా నింపండి."

"పట్నానికి నీళ్ళు ఆలస్యమవుతాయి."

"అవనీండి. పట్నంలో ఎవులి నెత్తి మీదా పగిలిన స్లాబు లేదు కదా."

ఈశ్వరమ్మ అప్పుడు లేచింది.  "గుంటల్ని ఆ గదిలో నానింక ఉంచను. ఏరే గది కట్టండి. కట్టినదాకా ఎక్కడ ఉంచాలో మీరే సెప్పండి." అదే ఈశ్వరమ్మ. చేతికి అదే పసుపు తాడు.

మెల్లగా నింపడానికి మూర్తి గారు అక్కడే ఒప్పుకున్నారు. పిల్లలకి వారం తిరక్కుండా రేకుల షెడ్డు వేయిస్తామన్నారు, వేయించారు. కొత్త గది తర్వాత కడతామన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఎలమంచిలి రైల్వే గేటు పడింది. బొగ్గు గూడ్సు పోతూనే ఉంది. మూర్తి గారు, "నన్ను అడక్కుండా చెప్పారు" అన్నారు.

"అడిగితే వద్దనేవారు సార్."

"అనేవాణ్ణే." గూడ్సు అయిపోయేదాకా ఆగి, "ఆ సన్నిబాబు అడిగిన ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసమ్మా. అందుకే ఆ లైను కొట్టేశాను" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది. ఆ తర్వాత నాకు ఏ మెమోలు వచ్చాయన్నది మీకు అనవసరం.

అక్కడి జనం మీద మా ఆఫీసుకి ఒక ఫిర్యాదు మిగిలింది. "మేడం గారు చెప్పకముందు వాళ్ళు ఎంత మంచివాళ్ళు" అని. అడగనివాళ్ళే మంచివాళ్ళని మన ఆఫీసుల్లో గట్టి నమ్మకం. మీకు అది అంటుకోకుండా చూసుకోండి.

మొన్నటి వార్త

నేను రిటైరయ్యాను. మూర్తి గారు కూడా. కొత్త గది కట్టలేదు. అడిగితే స్థలం చూస్తున్నామన్నారట. ఎండాకాలం రేకుల షెడ్డులో పిల్లలకి ఒళ్ళంతా చెమటకాయలు, వడదెబ్బ తగిలి ఒకళ్ళిద్దరు పడిపోయారు. ఈశ్వరమ్మ ఏం చేస్తుంది? ఎండ దిగేదాకా మళ్ళీ పాత గదిలోకే తెచ్చింది.

మొన్న పేపర్ తెరిస్తే లోపలి పేజీలో చిన్న వార్త. "స్వల్ప ప్రకంపనల కారణంగా గుండ్లపాలెంలో పాత భవనం పాక్షికంగా దెబ్బతింది. ఎవరికీ హాని జరగలేదు. ప్రజలు ఆందోళన చెందవద్దని అధికారులు తెలిపారు."

 ఈశ్వరమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంట్లో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరిగాను. మళ్ళీ చేశాను. నాలుగోసారికి ఎత్తింది.

"గుంటలు?" అన్నాను.

"అందరూ ఉన్నారు మేడమ్. నాను పొయ్యి కాడున్నాను. గోడ అదిరినాది. నాను గరిట దించేలోపే గుంటలు లేసి, సైరన్ నేదు, సైరన్ నేదు అనుకుంటా బయటికి పరిగెట్టినారు. ఆఖరిదాన్ని నానే ఎత్తుకొచ్చినాను. గుమ్మం దాటినాం, మూల స్లాబు పడిపోనాది. గుడ్ల ట్రేల మీద, సాప మీద."

చాప మీద. నేను మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది. తర్వాత, "పేపర్లో ఏసినారంట కదా. ఏటి రాసినారు?" అంది.

చదివాను.

"అంతేనా? ఎవులి వల్లో రాయలేదా?"

"లేదమ్మా."

"ఆ గది కట్టినప్పుడు మా సిన్నది పుట్టినాది. అదిప్పుడు బడికెల్తంది. పాత భవనమంట." అంది ఈశ్వరమ్మ. "సోమారం మీ ఆపీసుకి వత్తన్నాం మేడమ్. సన్నిబాబు బావ ఆటోలు మాటాడినాడు. గుంటల్ని కూడా తెత్తన్నాం. మీరొత్తారా?"

వస్తానన్నాను.

ఆ వార్తకి ప్రకటన రాసింది నా కుర్చీలో కూర్చున్న అమ్మాయే అయి ఉంటుంది. అమ్మా, నీ మీద నాకు కోపం వచ్చింది, దాచను. రాసేటప్పటికి తగ్గింది. ఆ వాక్యంలో "మా జలాశయం" అన్న మాట నువ్వే రాయలేదో, రాస్తే ఎవరైనా గీత కొట్టారో నాకు తెలీదు. ఉద్యోగం గురించి రాసిపెట్టమన్నావు కదా, ఇదే. రేపే సోమవారం, పదింటికి గేటు దగ్గర జనం ఉంటారు. సెక్యూరిటీ వాళ్ళు నిన్నే బయటికి పంపుతారు, నన్ను పంపేవారు, నాకు తెలుసు. మజ్జిగ తేవొద్దు, ఆందోళన చెందవద్దని చెప్పొద్దు. వాళ్ళు నిన్ను రెండే అడుగుతారు. ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి ఆపుతారు. ఆ రెండింటికీ జవాబు తెచ్చుకుని రా. నేను ముందు వరసలో, ఈశ్వరమ్మ పక్కన ఉంటాను. నా ఒళ్ళో ఒక పిల్ల ఉంటే గుర్తుపట్టలేకపోతావేమో, నా పేరు పెట్టి పిలువు.